ఇంటికొచ్చిన రిజిస్టర్

సూర్యాపేట బస్సులో పక్క సీటామెకు నా ఉద్యమాల చరిత్రంతా చెప్పాను. కలెక్టర్లే నన్ను చూసి లేచి నిలబడేవారన్నాను. ఆమె సంచిలోంచి సంతకాలున్న తీర్మానం నకలు తీసింది.

"పంచాయతోళ్లు గ్రామసభ పెట్టకుండనే మా బడి మైదానం రైస్‌మిల్లుకు ఇచ్చిండ్రు తాతా. ఇండ్లకు రిజిస్టర్ తెచ్చి, ఖాళీ పేజీల సంతకాలు తీసుకున్నరు. గీడ సూడు, నాది గూడ ఉన్నది! గందుకే కలెక్టరాఫీసుకు పోతున్న."

బస్సంతా వినేలా ఆ దొంగలను తిట్టాను.

"మరి మీ ఊర్ల గ్రామసభ మంచిగ జరుగుతదా?"

"నేనుండంగ జరగకపోతదా!"

అబద్ధం. నేను సభ మొహమే చూడలేదు, కలెక్టర్ మొహమూ చూడలేదు. ఏటా మా అరుగు మీదే సంతకం పెట్టి, రిజిస్టర్ తెచ్చినవాడికి చాయ్ కూడా పోసేవాణ్ణి.

మొన్న వాడు మళ్ళీ వచ్చాడు.

"చాయ్ తాగు. సంతకం సభలనే పెడ్త. ఎప్పుడు సభ?" అన్నాను.

వాడికీ తెలియదు.