కోడలు రగ్బీకి పోయింది
ఈ రోజు మన జహీరాబాద్ మైదానంలో నా కోడలు సుజాత, నలభై ఆరేళ్ల వయసులో, మొదటిసారి రగ్బీ ఆడింది. బంతితో ఉరికేవాళ్లను నడుము పట్టి పడేస్తారని విన్నాను. ఆటకు ముందే ఎదుటి జట్టులోని షాహీన్‌ దగ్గరకు పోయి, "జర మెల్లగ పట్టు బిడ్డా, దానికి నడుమునొప్పి" అని బతిమాలాను. పాపం, ఆ పిల్ల అసలు ముట్టనే లేదు. కోడలు గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింటు కొట్టింది.

"ఎందుకిడిచిపెట్టినవ్?" అని షాహీన్‌ను నిలదీసింది.

"మీ అత్తమ్మ చెప్పింది గద అక్కా."

కోడలు నా దిక్కు తిరిగింది. "గా పాయింటు నీది అత్తమ్మా, నాది గాదు."

మళ్లీ ఉరికింది. ఈసారి షాహీన్ బురదలో పడేసింది. నేను భయంతో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కోడలు పండ్లకు బురదంటుకుని నవ్వుతోంది.

ఇప్పుడు వేడినీళ్లు కాగబెడుతున్నాను. మీ ఇంట్లోనూ ఇట్ల పడడానికే పోయేవాళ్లుంటే, ఎట్ల ఓర్చుకుంటున్నారో జర చెప్పండి.