ఫిరంగి కింద తివాచీ

ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇంట పుట్టిన సలాం, మగ్గాన్ని పొయ్యికట్టెల కింద అమ్మేసి పన్నెండేళ్లుగా ఒక బట్టల షాపు గుమ్మంలో సెక్యూరిటీగా నిలబడుతున్నాడు. ఈ వేసవిలో నాలుగు రోజులు సెలవు పెట్టి కూతురు నజ్మా ఇంటికి వెళ్తే, ఆమె అతన్ని ఆ ఊళ్లోని మిలిటరీ మ్యూజియానికి తీసుకెళ్లింది.

అందరూ పాత ఫిరంగి చుట్టూ మూగి ఫొటోలు దిగుతున్నారు. అది ఏ యుద్ధంలో పేలిందో చెప్పే బోర్డు నిలువెత్తున ఉంది. దాని చక్రాల కింద నలుగుతున్న తివాచీ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేతగాడు వెనకవైపు చూడందే తివాచీని నమ్మడు. సలాం వంగి అంచు తిరగేశాడు. మూలన నేసిన ఆకుపచ్చ ఆకు బొమ్మలో రెండు ముడులు ఎర్రగా కనిపించాయి.

పద్నాలుగేళ్లప్పుడు తను వేసిన ముడులే అవి. ఆ రోజు తండ్రి వీపు మీద ఒక్కటిచ్చి, “మనం పోయినా తప్పు ముడి పోదురా!” అన్నాడు. ఆ తర్వాత ముప్పయ్యేళ్లలో సలాం చేతిలో ఒక్క ముడీ తప్పలేదు. ఆ తివాచీలన్నీ ఏ ఇళ్లలో చిరిగాయో, ఏ చెత్తలో కలిశాయో దేవుడికే తెలియాలి.

“ముట్టుకోకూడదండీ, లేవండి,” అన్నాడు గార్డు. రోజూ షాపులో తను అనే మాటే. సలాం అంచు సరిచేసి లేచాడు.

“ఏంటి నాన్నా, కింద చూస్తున్నారు?” అంది నజ్మా.

“ఏం లేదమ్మా. ఎవరో కుర్రాడు రెండు ముడులు తప్పేశాడు.”