చెప్పులు విప్పే కొండ

మా పెదనాన్నకి తన ఊరి కొండంటే ప్రాణం. "ఆ కొండ మీద సెప్పుల్తో ఎవుడూ అడుగెట్టడ్రా. అమ్మోరుంటాది" అనేవాడు, ఎవరూ అడక్కపోయినా.

వైజాగ్ రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. సముద్రం గోడకి బండలన్నీ దించింది తనేనని గొప్ప. సాయంత్రమైతే చెప్పుల కాళ్లతో ఆ బండల మీదే కూర్చుని బీడీ కాల్చేవాడు.

ఓసారి కారులో అరకు బయల్దేరాం. మాకేం, కొండలూ ఫొటోలూ కావాలి. ఆయనకి దారిలో, కుర్రతనంలో వదిలొచ్చాక మళ్లీ వెళ్లని తన ఊరు కావాలి. ఊరింకా రాకముందే చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఊరుంది. కొండ లేదు. దాని చోట నీళ్లు నిలిచిన పెద్ద గొయ్యి.

"కొండేటైపోనాది బావా?" అని మేకలు కాస్తున్న ముసలాయన్ని అడిగాడు.

"పేల్చి లారీల్లో పట్టుకెల్లిపోనారు. వైజాగ్ సముద్రం గోడకంట. ఏళ్ల తరబడి తోలినారు."

మేం అరకు వెళ్లి ఫొటోలు దిగాం కూడా. పెదనాన్న కారు దిగలేదు.

పోయేదాకా రోజూ ఆ గోడ దగ్గరికి వెళ్లాడు. బూట్లతో బండలెక్కి సెల్ఫీలు దిగేవాళ్లని ఒక్క మాటా అనేవాడు కాదు. తను మాత్రం ఇసకలో చెప్పులు విప్పి, కిందే నిలబడేవాడు.