అన్నా, నిన్ను అడగలే

మాటలతో వైద్యం చేసే చోటికి భార్యను తీసుకెళ్లి, ఆమె బదులు మొత్తం నేనే మాట్లాడబోయిన ఘనుణ్ణి గద్వాలలో నేనొక్కణ్ణే. మాది చీరల కొట్టు. కొనేవాళ్లు నోరు తెరవకముందే వాళ్లకేం కావాలో మేమే చెప్పేస్తాం.

మా ఆవిడది రాయచూరు. కాపురానికి వచ్చాక కన్నడం పక్కనపెట్టి తెలుగే మాట్లాడింది. వాళ్లమ్మ పోయాక అదీ మానేసింది. నిద్ర లేదు, తిండి సయించదు. నాకు భయం పట్టుకుంది.

"ఆరు వారాలు రావాలె" అంది సర్కారు దవాఖానలోని కౌన్సెలింగ్ మేడం.

"మూడు జెయ్యున్రి మేడం, మావోళ్లను ఇంకిద్దరిని తోల్కొస్త" అన్నాను.

మేడం నవ్వి, మా ఆవిడను అడిగింది: "నిద్ర పడుతుందామ్మా?"

"యాడ పడుతది మేడం..." అని నేనందుకున్నాను.

మేడం నావైపు చూడనేలేదు. బస్సును ఆపినట్టు అరచెయ్యి ఎత్తింది. "అన్నా, నిన్ను అడగలే."

నేను అందుకున్నప్పుడల్లా ఆ చెయ్యి లేచింది. చివరికి నన్ను వరండాలో కూర్చోబెట్టింది. తలుపు సందులోంచి "ఏనాతవ్వా, హేళు" అంటూ, ఏమైందో చెప్పమ్మా అని మేడం కన్నడంలో అడగడం వినిపించింది. తర్వాత మా ఆవిడ ఏడుపు, ఆ వెనక చాలాసేపు ఆమె కన్నడం. బేరం మాట నేను మళ్లీ ఎత్తలేదు.

ఆరు వారాలూ పూర్తయ్యాక మేడం బదిలీ మీద వనపర్తి వెళ్లిపోయింది. మా ఆవిడ హాయిగా నిద్రపోతోంది. మొన్న మా పిన్ని కొడుకు వచ్చి "వదినా, ఎట్లున్నవ్?" అంటే, అలవాటుగా నేను నోరు తెరిచాను. మా ఆవిడ నావైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది.

దవాఖానలో ఫీజు లేదు. నిజాయితీగా లెక్క తేలిస్తే నాకు పడిన బిల్లు, ఇంట్లో మాటల్లో సగం వాటా. ఇన్నేళ్లు ఆమె వాటా కూడా వాడుకున్నవాణ్ణి కనుక తగ్గించమని అడగలేదు.