బాతుల దొడ్డి దగ్గర తునికి గింజలు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఏలూరు కాలేజీలో ఇంటర్ సైన్సు చదివి, తప్పిన తర్వాత కూడా కలగలేదు. మా ఊళ్లో దయ్యాన్ని చూశామన్న వాళ్లందరూ ఇంటికి ఆలస్యంగా వచ్చినవాళ్లే. కాబట్టి ఇది దయ్యం సంగతి కాదు. పెంట సంగతి.

అది నేను పరీక్ష తప్పిన ఏడాది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది అంటే కాస్త గౌరవంగా ఉంటుంది. కార్తీకంలో కొల్లేటి లంకలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. చుట్టూ నీళ్లు, మధ్యలో మట్టి దిబ్బ, దాని మీద రెండే ఇళ్లు. ఒకటి మావయ్యది. రెండోది వెదురు బుట్టల్లాంటి మావులు నీళ్లలో వేసి చేపలు పట్టే వీరాస్వామిది. ముసలాయన. ఆయనకున్న తోడు ఒక కుక్క.

అత్తయ్య పెంచే బాతులు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. నాలుగోది పోయాక మావయ్య తీర్పు చెప్పేశాడు. ఇది కుక్క పనే, దాన్ని దోనెలో తీసుకెళ్లి కైకలూరు గట్టున వదిలేయాలి.

"అలాగైతే నన్నూ అక్కడే దింపేయండి బాబుగారూ" అన్నాడు వీరాస్వామి.

నాకు జాలేసింది. పనీ లేదు. దిబ్బ చుట్టూ పడి ఉన్న పెంటలు పరీక్షించి దొంగను పట్టిస్తానన్నాను.

"దీంట్లోనైనా పాసవుతావేమో చూడరా" అన్నాడు మావయ్య.

మనకు ఆవుదైతే పేడ, మేకదైతే పెంటిక, గుర్రానిదైతే లద్దె, పక్షిదైతే రెట్ట. ఎవరిదో తెలిస్తే పేరు సిద్ధంగా ఉంటుంది. తెలియకపోవడమే నా చిక్కు. అందుకని నీళ్లలో నానబెట్టి, జల్లెడలో కడిగి, మిగిలింది చూశాను. నీటి అంచున దొరికినదాంట్లో చేప పొలుసులు, సన్నటి ముళ్లు ఉన్నాయి. నీళ్లలో ఈదుతూ చేపలు వేటాడే నీటికుక్కదన్నాను.

"కొల్లేటిలో ఊరకుక్క చేపలు తినక జీడిపప్పు తింటుందేంట్రా?" అన్నాడు మావయ్య. నిజమే. బాతు ఈక దొరికితే తప్ప కేసు నిలవదు.

అత్తయ్య బాధ వేరు. "ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి తెచ్చావో, నీకూ భోజనం బయటే."

కుక్కను దాటించే ముందు రోజు సాయంత్రం మావయ్యే దాన్ని పారిపోకుండా, బాతులకు అందకుండా పొట్టి తాడుతో బాతుల దొడ్డి గుంజకు కట్టేశాడు. తెల్లారి చూస్తే ఇంకో బాతు లేదు. తాడు తెగలేదు. ముడి మావయ్య వేసినట్టే ఉంది. కుక్కకు రెండు మూరల దూరంలో లేగదూడ వేసినంత పెంట, ఇంకా తడిగా ఉంది. వసారాలో పడుకున్న మాలో ఎవరికీ ఒక్క మొరుగు వినపడలేదు.

కడిగితే ఈకా లేదు, పొలుసూ లేదు. చీమల తలలు, దోసెడు నున్నటి గోధుమరంగు గింజలు. నాకేమీ తెలియలేదు. రెండోసారి తప్పాను.

వీరాస్వామి వయసులో ఉండగా జంగారెడ్డిగూడెం పైన అడవిలో కలప కొట్టాడు. గింజలు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు.

"తునికి గింజలండీ, బీడీ ఆకు చెట్టువి. ఇది ఎలుగుదండీ."

"అయితే బాతుల్ని తిన్నదీ ఎలుగే" అన్నాను, కేసు ముగించే తొందరలో.

"ఎలుగు బాతుల జోలికి పోదు బాబూ. దాని మీద పెట్టకండి."

తన కుక్క ఊరు దాటబోతున్నా ఆయన ఎలుగుకు అన్యాయం చేయలేదు.

కట్టేసి ఉన్న కుక్క బాతును తినలేదని ఒప్పుకోవడానికి సైన్సు అక్కర్లేదు. మావయ్యే ముడి విప్పాడు. తప్పయిందని అనలేదు గానీ, వీరాస్వామికి కాఫీ ఇప్పించాడు. వారం తర్వాత నీటికుక్క పట్టపగలే బాతును ఈడ్చుకుపోవడం అత్తయ్య కళ్లారా చూసింది. అంతవరకు నేను పాసయినట్టే.

ఎలుగు సంగతే తేలలేదు. తునికి పండేది ఎండాకాలంలో. అడవి మాకు బండి మీద రెండు మూడు రోజుల దారి. దిబ్బ చుట్టూ బురదలో కొంగల అడుగులున్నాయి, మా అడుగులున్నాయి, ఇంకేవీ లేవు. ఎలుగును ఆడించేవాళ్లెవరైనా వచ్చారేమోనని రేవులో పడవవాళ్లను అడిగాను. ఈ మధ్య ఎలుగును ఎక్కించుకున్న గుర్తు లేదన్నారు. వీరాస్వామినీ అనుమానించాను. కానీ అంత పన్నాగం పన్నినవాడు నేరం కూడా ఎలుగు మీదికే తోసేవాడు కదా.

కుక్క మాత్రం ఆ రోజు నుంచి దొడ్డి వైపు పోవడం మానేసింది. చేప ముక్క వేసి పిలిచినా రాలేదు. సైన్సు చదివినవాణ్ణి కాబట్టి, అదెందుకు వెళ్లడం లేదో తేలేదాకా నేనూ వెళ్లకూడదనుకున్నాను.

ఇంతవరకు వెళ్లలేదు.