ఐదు అనుమతులు, రెండు మంచి కార్డులు

నిజామాబాద్ బస్టాండు వెనుక వీధిలోని గేమింగ్ సెంటర్ మెట్ల నుంచి బోధన్‌లో మేము దిగిన హాలు గుమ్మం వరకు ఇరవై ఆరు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. ఆదివారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు బయలుదేరిన ట్రాలీ ఆటో తొమ్మిది గంటల రెండు నిమిషాలకు అక్కడికి చేరింది. వెనుక ఆరు కంప్యూటర్లు, ఒక్కొక్కటి సుమారు తొమ్మిదిన్నర కిలోలు, పాత బొంతల్లో చుట్టి ఉన్నాయి. కుదుపులకు అడ్డంగా కింద ఖాళీ పసుపు గోనెలు పరిచాం. యంత్రాలను దించేసరికి అందరి అరచేతులూ పచ్చబడ్డాయి.

నా ఉద్యోగం కొలత పరికరాలను సరిచూడడం. పీడనమో ఉష్ణోగ్రతో చూపే ముల్లు నిజం చెబుతున్నదా లేదా అని తేల్చడం. అందువల్ల కాబోలు, ఇష్టమైన వస్తువును కూడా కొలవకుండా మెచ్చుకోలేను. ఆ గేమింగ్ సెంటర్ నడిపే ఆవిడ నాకంటే ఆరేళ్లు పెద్ద. అక్కడికి వచ్చే అందరికీ, నాకు కూడా, ఆమె అక్క. ఆమెను కొలిచిన తరువాతే మెచ్చుకున్నాను.

అక్క ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివింది. చాలా ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి, కూడబెట్టిన డబ్బుతో ఆరు కంప్యూటర్లు కొన్నది. మాకు తెలిసిన వాళ్లలో చాలామంది ఇంటర్నెట్‌లో దొరికే దొంగ ప్రతులతోనే ఆటలు ఆడుతుంటే, ఆమె మాత్రం మాకు అన్నిటికంటే ఇష్టమైన షూటింగ్ ఆటకు ఆరు అసలు ప్రతులు తీసుకున్నది. ఎందుకని అడిగాను.

“ప్లాను గీయించుకొని పైసలియ్యకుంట పోయినోళ్లను మస్తుమందిని సూసిన. మల్ల నేనే గా పని చెయ్యాల్నా?” అన్నది.

ఆ ఆటలో పోరు జరిగే స్థలాలను, అంటే మ్యాప్‌లను, ఆడేవారు సొంతంగా గీసుకునే ఏర్పాటు ఉంది. అక్క పద్నాలుగు నెలల పాటు, తీరిక దొరికిన ప్రతి మధ్యాహ్నమూ కూర్చొని, చాలా ఏళ్లుగా పొగ రాని బోధన్ చక్కెర ఫ్యాక్టరీని గీసింది. ఆమె పెరిగింది ఆ ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే. వాళ్ల బాపు, అంటే తండ్రి, అక్కడ పాకం కాచే విభాగంలో పనిచేశాడు.

మాకు పోటీ జట్టు బోధన్‌లో ఉంది. రెండు నెలలకోసారి అక్క సెంటర్‌లో ముగ్గురికి ముగ్గురు తలపడతాం; మా వైపు అక్క, నేను, సెంటర్‌కు వచ్చే ఇంకొకడు. కొత్త మ్యాప్ విషయంలో రెండు జట్లకూ ఒక ఒప్పందం ఉంది: దానికి ఒక్క ఆదివారమే అవకాశం. ఆడి, ఇరుపక్షాలూ సరేనంటే ఇక అదే మైదానం. ఆ రోజు ఆడలేకపోయినా, ఎవరికైనా నచ్చకపోయినా దాని మాట మళ్లీ ఎత్తకూడదు. ఈ ఆదివారం అక్క మ్యాప్‌ది. అందుకే ఈసారి ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లోనే హాలు అద్దెకు తీసుకున్నాం. పద్నాలుగు నెలల పని నిలుస్తుందా, పోతుందా అన్నది ఆ ఒక్క పూటలో తేలాలి.

ఈ మధ్య వస్తున్న షూటింగ్ ఆటల మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. ఎటు పోవాలో నేల మీది బాణం గుర్తు చెబుతుంది. గుండు తగిలినా గోడ చాటున నాలుగు క్షణాలు కూర్చుంటే గాయం దానంతటదే మానుతుంది. ఎవరు, ఎక్కడి నుంచి కాల్చారో తెలియకుండా చచ్చిపోతాం. ఆ వెంటనే తుపాకీకి బంగారు రంగు కొనుక్కోమని అడుగుతారు. మంచి షూటింగ్ ఆటకు నా కొలత ఒక్కటే. చచ్చినవాడికి తన తప్పేమిటో తక్షణం తెలియాలి.

అక్క మ్యాప్‌లో ముందే ఒంటరిగా తిరిగి చూశాను. ప్రతి మూలా ఈ కొలతకు నిలబడింది. చెరకు బండ్లు ఆగే మైదానం విశాలమైనదే, కాని మిల్లు కిటికీల నుంచి చూస్తే అందులో మూడు బండ్ల చాటు తప్ప వేరే దాపు లేదు. అడ్డంగా పరుగెత్తి పడ్డవాడు ఎవరినీ నిందించలేడు. బాయిలర్ల పక్కన ఇనుప జాలీ మీద అడుగు ఖంగుమంటుంది. పాకం గదిలో అదే అడుగు నేలకు అంటుకుని, ఊడి వచ్చినట్టు వినిపిస్తుంది. కళ్లు మూసుకున్నా ఎదుటివాడు ఏ గదిలో ఉన్నాడో చెప్పవచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చింది పిప్పి గుట్ట. రసం తీసేసిన చెరకు పిప్పి మనిషిని దాస్తుంది, గుండును మాత్రం ఆపదు. దాని వెనుక కూర్చున్నవాడు కనబడడు. ఎవరికైనా అనుమానం వస్తే మిగలడు. కనబడకపోవడం వేరు, క్షేమంగా ఉండడం వేరు అని ఒక్క అక్షరం రాయకుండా ఆ గుట్ట చెబుతుంది. దూరం నుంచి గురిచూసే తుపాకీవాడికి నీళ్ల ట్యాంకు మీద చోటిచ్చింది, కాని దానికి రెండు నిచ్చెనలు పెట్టింది.

“ఒక్క నిచ్చెన పెడితే వాడు ఆడికెల్లి దిగడు. రెండు పెడితే వాని వీపు వానికి యాదికుంటది” అన్నది అక్క.

ఆమె సెంటర్‌లో ఒక ఆచారం ఉంది. దాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆరు యంత్రాల్లో రెండింటికే మంచి గ్రాఫిక్స్ కార్డులున్నాయి. వాటి మీద బొమ్మ తొట్రుపడకుండా కదులుతుంది. కిందటి మ్యాచ్‌లో ఓడిన జట్టుకు ఆ రెండూ దక్కుతాయి. గెలిచినవాడి చేతికే మంచి పనిముట్టు కూడా ఇస్తే అది పోటీ ఎలా అవుతుందని అక్క వాదన. మ్యాచ్ ఆడేటప్పుడు ఒకటి, రెండు, మూడు నంబర్ల యంత్రాలు మావి. నాలుగు, ఐదు, ఆరు బోధన్ వాళ్లవి. కిందటిసారి వాళ్లు ఓడారు. అందుకని శనివారం ఒకటో, రెండో యంత్రాల్లోని మంచి కార్డులను విప్పి నాలుగు, ఐదు యంత్రాల్లో బిగించాం. వాటి మామూలు కార్డులు ఇటు వచ్చాయి. ఏడాదికి పైగా ఇదే పద్ధతి. ఎవరికీ ఇందులో తప్పు కనబడలేదు.

బోధన్ జట్టు నాయకుడు ట్రాక్టర్ విడిభాగాల దుకాణం నడిపే యువకుడు. గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

“ఏం అక్కా, మా ఊరి ఫ్యాక్టరీని నిజామాబాద్‌ల కూసొని గీసినవంట?”

“నువ్వు పుట్టకముందు నేను ఆ ఫ్యాక్టరీ గోడ పొంటి తొక్కుడుబిళ్ల ఆడిన తమ్మీ. ముందు గీ కేబుల్ పట్టు.”

కాసేపటికి అక్క వాళ్ల బాపు వచ్చాడు. ఇప్పుడాయన కూరగాయల మార్కెట్లో తూకం దగ్గర పనిచేస్తున్నాడు. ఆ పూట సెలవు పెట్టాడు. ఒకటో నంబర్ తెర ఎదుట కుర్చీ వేసుకున్నాడు.

“ఏది బిడ్డా, నా పాకం గది?”

“ఆగు బాపు, ఇంక పొయ్యే అంటుకోలె.”

శనివారం కార్డులు మార్చాక ఎవరూ ఆటను తెరిచి చూడలేదు. తొమ్మిదీ యాభైకి ఆరు యంత్రాలూ వెలిగాయి. మూడోది, ఆరోది మాత్రమే ఆటను తెరిచాయి. మిగతా నాలుగు తెరల మీద ఒకే ప్రశ్న: ఇది కొత్త యంత్రంలా ఉంది, మళ్లీ అనుమతి తీసుకోవాలా? నేను వైర్ల దగ్గర వంగి ఉన్నాను, అక్క బాపుకు నీళ్లిస్తున్నది. బోధన్ నాయకుడు తన ఫోన్ ఇంటర్నెట్ కలిపి, తమ వైపున్న నాలుగు, ఐదు యంత్రాల్లో ‘అవును’ ఒత్తేశాడు. రెండింటి మీదా ఒకే జవాబు వచ్చింది: అనుమతుల పరిమితి ముగిసింది.

“ఏంది అక్కా గిది? అసలు మాల్ అంటివి?”

“అసలుదే. బిల్లు సుత ఉన్నది.”

“నాది దొంగది. ఎన్నడు గిట్ల అడగలె. దొంగోనికి కుర్సీ ఏసి, పైసలు కట్టినోన్ని బయట నిలవెట్టిన్రు గదా!”

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది, కాని ఒకటో నంబర్ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

“పెన్ డ్రైవ్‌ల ఉన్నది అక్కా, ఎక్కియ్యమంటవా? రెండు నిమిషాల పని.”

“దొంగ దాంట్ల నా మ్యాప్ తెరుసుకోదు తమ్మీ. సొంత మ్యాపులు అసలు దాంట్లనే నడుస్తయి. అది సుత నేను గీసిన మిషన్ మీదికెల్లే నడవాలె. గా ఒకటో నంబరే అది.”

అప్పుడు నాకు విషయం అర్థమైంది. అమ్మిన కంపెనీ ఒక్కో ప్రతికి ఐదే అనుమతులు పెట్టింది. లోపలి భాగం మారిందంటే ఆ ప్రోగ్రాంకు అది కొత్త యంత్రమే. మొదట ఒక అనుమతి, తరువాత కార్డులు మార్చిన నాలుగుసార్లు నాలుగు. సెంటర్‌లో ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండడం వల్ల మమ్మల్ని అడగకుండానే అవి ఖర్చయిపోయాయి. బలహీనుడికి మంచి కార్డు ఇచ్చిన ప్రతిసారీ, ఆ అనుమతుల తాళం మమ్మల్ని దొంగలుగా లెక్కవేసింది. ఆటను ఒకరి నుంచి మరొకరికి పంచే మనిషిని పట్టుకోవడానికి చేసిన ఏర్పాటుకు, ఆటలో న్యాయం పంచే మనుషులు ఉంటారన్న ఊహే లేదు.

“ఒకటీ రెండూ ఎవ్వరు ముట్టకుండ్రి” అన్నాను.

“ఏమైతది ఇంజనీరూ?” అన్నది అక్క. తీరిక లేనప్పుడు నన్ను అలా పిలుస్తుంది.

“చివరి అనుమతి మిషన్‌లనే దాసి ఉంటది అక్కా. ‘అవును’ అంటే దాన్ని పారేసి కొత్తది అడుగుతది. కొత్తది రాదు. పాత కార్డులు పాత జాగల పెడితే ఒకటీ రెండూ తెరుసుకోవాలె.”

“మా నాలుగూ ఐదూ?” అన్నాడు బోధన్ నాయకుడు.

“అవి అయిపోయినయి.”

అతడు తన చూపుడు వేలును ఎగాదిగా చూసుకున్నాడు. “గీ వేలు ఇంతపని చేసిందా!”

యంత్రాలు ఆపి, నాలుగు మూతలు విప్పి, కార్డులను ఎక్కడివక్కడ బిగించాం. స్క్రూలు అక్కే తిప్పింది. నా సిద్ధాంతం తప్పయితే ఆ మ్యాప్‌ను తెరవగల యంత్రం ఇక ఉండదని ఆమెకు తెలుసు. పదీ ఇరవై ఐదుకు ఒకటో నంబర్ మీట నొక్కింది. ప్రశ్న రాలేదు. ఆట తెరుచుకుంది. రెండోది కూడా తెరుచుకుంది. నాలుగో, ఐదో యంత్రాలు అదే నిరాకరణను మళ్లీ చూపాయి.

నాలుగు యంత్రాలు చాలు, ఇద్దరికి ఇద్దరు ఆడి, మూడోవాడు ఒక్కో రౌండుకు మారవచ్చు. అయితే ఇంకో చిక్కు వచ్చింది. మంచి కార్డులు మా వైపుకే తిరిగి వచ్చాయి.

“ఓడింది మేము. కార్డులు మాయి. రూలంటే రూలే” అన్నాడు నాయకుడు.

“రూలు నాదే తమ్మీ, కాదన్ననా? కార్డులు కదిల్తె ఆట ఆగుతది. మనుషులు కదలొద్దని ఎవలన్నరు?”

ఏడాదికి పైగా స్క్రూడ్రైవర్ పట్టుకున్న మాలో ఒక్కరికీ ఇది తట్టలేదు. ఎవరి కుర్చీ వారిది, ఎవరి మౌస్ వారిది, ఎవరి మీటల అమరిక వారిది; యంత్రం నంబర్‌ను ఇంటి నంబర్‌లా చూసుకున్నాం. బోధన్ వాళ్లు తమ మౌస్‌లు పట్టుకుని ఒకటి, రెండు యంత్రాల ముందు కూర్చున్నారు. మేము మూడుకూ ఆరుకూ వెళ్లాం. తన మ్యాప్ పుట్టిన యంత్రాన్ని ప్రత్యర్థికి అప్పగించి, అక్క ఆరో నంబర్ దగ్గర, తొట్రుపడే బొమ్మ ముందు కూర్చున్నది.

ఆ మ్యాప్ మనుషులతో నిండినప్పుడు ఎంత గొప్పదో ఒంటరి నడకలో నాకు సగమే తెలిసింది. మొదటి రౌండులోనే బోధన్ నాయకుడు పిప్పి గుట్ట వెనుక దాక్కున్నాడు. నేను గుట్టలోకే మూడు గుండ్లు కాల్చాను.

“అరె! గోడ ఎనుక ఉన్నోన్ని ఎట్ల కొట్టినవన్నా?”

“పిప్పి గోడ గాదు కొడుకా” అన్నాడు బాపు వెనుక నుంచి.

నాలుగో రౌండులో అదే గుట్టలో నుంచి అతడు నన్ను కొట్టాడు. నేర్చుకున్నాడు. అతడికి ఎవరూ పాఠం చెప్పలేదు, ఒక్కసారి చావడం సరిపోయింది. షూటింగ్ ఆట రూపకల్పనలో ఇంతకంటే ఎత్తైన మెట్టు నాకు తెలియదు.

బాపు కుర్చీలో కూర్చోలేకపోయాడు. తెర నుంచి తెరకు తిరుగుతూ, ఇరుపక్షాల రహస్యాలూ బయటపెట్టాడు.

“అగో, ఒకడు పాకం గదిల ఉన్నడు. అడుగు అంటుకుంటున్నది, ఇనస్తలేదా? నువ్వు జాలీ మీదికెల్లి పోకు, సప్పుడైతది.”

“కాకా, నువ్వు ఎవల దిక్కు?” అని అరిచాడు నాయకుడు.

“నేను ఫ్యాక్టరీ దిక్కు.”

“అయితే డ్యూటీల ముచ్చట్లు పెట్టొద్దు కాకా!”

ఆ తరువాత ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని చూశాడు. ఆరో నంబర్ తెర మీద పాకం గది వచ్చినప్పుడు మాత్రం అక్క భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. అక్క ఆ చెయ్యి తీయమనలేదు. ఆ రౌండులో ఆమె గురి రెండుసార్లు తప్పింది.

పదహారో రౌండు ముగిసేసరికి పన్నెండుంబావు అయింది. బోధన్ నాయకుడు తన జట్టు వైపు చూశాడు. ఇద్దరూ తల ఊపారు.

“రెండు నెలలకు మల్ల గీ మ్యాప్‌లనే ఆడుదాం అక్కా. ట్యాంకు కాడ మాత్రం ఇంకో నిచ్చెన ఎయ్యకు.”

“ఎయ్య” అన్నది అక్క. మూతల స్క్రూలు ఏరుకుంటూ తల పైకెత్తలేదు.

తరువాత ఆ కంపెనీకి అక్క మూడుసార్లు రాసింది, బిల్లు జతచేసి. జవాబు రాలేదు. అందువల్ల ఈ లెక్క ఇప్పటికి ఖాయం. కొన్న ప్రతులు ఆరు, తెరుచుకునేవి నాలుగు. నాలుగు ప్రతులకు చెందిన ఇరవై అనుమతులూ ఖర్చయ్యాయి. మూతబడిన రెండు ప్రతుల ధర మూడు వేల ఆరు వందల రూపాయలు. ట్రాలీ ఆటో కిరాయి పోనూ రానూ పదహారు వందలు, హాలు అద్దె ఎనిమిది వందలు. మ్యాచ్ మేము ఓడాం, తొమ్మిదికి ఏడు.