బయమ్మ ఇంజినులో పెరిగిన ఆయిలు

కుందుర్పి దగ్గర మా ఊళ్లో బావి ఇంజినును తానే చూసుకున్న ఆడమనిషి బయమ్మ ఒక్కతే. మొగుడు ఎర్రన్న పోయేనాటికి చేలో నాటిన చీనీచెట్లు, అంటే బత్తాయి చెట్లు, మోకాలెత్తు. డెబ్బయ్యో దశకం చివర, అవి తొలికాపు పట్టిన ఏడే వానలు లేకుండా పోయాయి. బావిలో ఊరే కాసిని నీళ్లు ఇంజిను తోడితేనే చెట్లు బతకాలి.

అది పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజిను. పొద్దున్నే బయమ్మ ప్లగ్గు విప్పి మసి గీకేది. గాలిజాలీలో దుమ్ము కడిగేది. ఇంజినులో ఆయిలు మట్టం కొలిచే గీత పుల్లను కొంగుతో తుడిచి, మళ్లీ ముంచి చూసేది. మెకానిక్కు హుస్సేన్ బాషా ఆమెకు చెప్పింది ఇంతే: "గీత కిందికి దిగితే ఆయిలు పొయ్యి. ఆపే ముందర కొంచేపు పెట్రోలు మీద ఆడించు."

ఆ ఎండాకాలం పెట్రోలు దొరకడమే గగనమైంది. మొదలెట్టడానికే చాలనిది ఆపడానికి ఎక్కడిది? బయమ్మ కిరసనాయిలు మీదే ఆపేయసాగింది. మరునాడు ఇంజిను మొరాయించేది. తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కేవి. ఆయిలు మాత్రం తగ్గలేదు. గీత దాటి పైకొచ్చింది.

పక్క చేని ముత్యాలప్ప నవ్వాడు. "ఏమ్మే, బావిలో నీళ్లు ఊరవు గానీ నీ ఇంజిన్లో ఆయిలు ఊరతాండాదే!"

"ఊరనీలే మామా. ఏదో ఒకటన్నా ఊరతాండాది గదా."

ఆమె ఇంజినుకు కుంకుమ పెట్టింది.

వారం తిరక్కుండానే ఇంజిను కీచుమని బిగుసుకుపోయింది. హుస్సేన్ బాషా సైకిలు మీద వచ్చి అడుగు బోల్టు విప్పాడు. కారింది నీళ్లలా పలచగా ఉంది.

"వాసన చూడు చెల్లీ."

"కిరసనాయిలు గదన్నా ఇది!"

"పెట్రోలు మీద ఆడించకుండా ఆపితివి గదా, కాలకుండా మిగిలిన కిరసనాయిలంతా ఆయిల్లోకి దిగినాది. జిడ్డు పాయ. పిస్టను పట్టేసినాది."

"తగ్గితే పొయ్యమంటివి. తగ్గలే. పెరిగితే మంచిదే అనుకుంటి."

బాషా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పెరిగితే ఏం చేయల్లో నేను చెప్పలేదమ్మా," అన్నాడు.

పిస్టను బాగై అనంతపురం నుంచి వచ్చేలోగా ఆమె చెట్లకు కడవలతో నీళ్లు మోసింది. పిందెలు రాలాయి. ఆకులు చుట్టుకుపోయాయి. ఇంజిను మళ్లీ ఆడిన పొద్దున ముత్యాలప్ప ఒక కొమ్మ విరిచాడు. పుటుక్కుమంది.

"చెట్లు ఎండిపాయ. యాటికమ్మే ఇంక నీళ్లు?"

"వేరు బతికుంటాదేమో మామా."

బావి అడుగంటేదాకా పారించింది. ఈసారి ఎలాగో కాసింత పెట్రోలు మిగుల్చుకుని, ఆపే ముందు ఇంజినును దాని మీదికి తిప్పింది. ఒక్క చిగురూ రాలేదు. ఆ నెలాఖరుకు చెట్లన్నీ తానే గొడ్డలితో కొట్టేసింది.